ఇరవై నాలుగు శుభ్రమైన గొట్టాలు

ముందు పోయినవన్నీ లెక్క చెప్పేస్తాను. లెక్క తేలితే కథ ఎక్కడికీ పారిపోదు.

ఇరవై నాలుగు గాజు గొట్టాలు. గొట్టాలు పోలేదు, అవి ఇప్పటికీ ఉన్నాయి. వాటిలోని కాపురాలు పోయాయి. రెండు లక్షల ఎనభై రెండు వేల చేపపిల్లలు. నా ఎడమ మీసంలో సగం. ప్రెషర్ కుక్కర్ రబ్బరు ఒకటి. మా వంటమనిషి బుద్రక్క నా పళ్ళెంలో వేసే రెండో గరిటె కూర, పదకొండు నెలల పాటు. ఉసూరులో ఒక కుర్చీ. దాన్ని ఇంకా ఎవరూ కొననైనా కొనలేదు, అయినా పోయింది. వీటన్నిటినీ ఒక ఆదివారం మధ్యాహ్నం రెండున్నర గంటల్లో, ఎవరి సాయమూ లేకుండా, ఎంతో జాగ్రత్తగా పోగొట్టాను. జాగ్రత్తగా అన్న మాట మీద వేలు పెట్టి ఉంచండి. అజాగ్రత్తగా చేసి ఉంటే సగమైనా మిగిలేవి.

నా పేరు రాజలింగం. ఇప్పుడు మోకాళ్ళు నొప్పి పెట్టే వయసు. అప్పుడు ఇరవై ఏడేళ్ళు. భోపాల్‌పట్నం దగ్గర, ఇంద్రావతికి అరకోసు దూరంలో ఉన్న చేపపిల్లల హేచరీలో లెక్కల మనిషిని. ఏడో తరగతితో నేను బడి మానేశాను గాని లెక్క నన్ను మానలేదు. బస్సెక్కితే సీట్లు, ఇడ్లీ తింటే నమిలిన సార్లు, ఎవరైనా నన్ను తిడితే తిట్లు. అన్నీ వాటంతటవే లెక్కలోకి వచ్చేవి. హేచరీ సేటు ఈ జబ్బును చూసి జీతమిచ్చి పెట్టుకున్నాడు.

వేల చేపపిల్లలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి అమ్మలేరు కదా. దానికి ఒక పద్ధతి ఉంది. జల్లెడ అడుగున్న చిన్న ముంతతో ఒకసారి ముంచుతాం. ఆ ముంతెడు పిల్లలను తెల్లటి బేసిన్‌లో వదిలి ఒక్కొక్కటిగా లెక్కపెడతాం. తర్వాత ఎన్ని ముంతలు పోస్తే అన్ని రెట్లు. అందరూ ఒక ముంత లెక్కపెట్టి ఊరుకుంటారు. నేను మూడు ముంతలు లెక్కపెట్టి సగటు తీసేవాణ్ణి. అందుకే గోదావరి అవతల నుంచి వచ్చిన చెరువు కౌలుదార్లు కుండలు దించుతూనే అడిగేవారు.

"లింగం లెక్కనేనా?"

"లింగం లెక్కే."

"అట్లయితే కుండల్ల పొయ్. మల్ల లెక్కపెట్టే పని లేదు."

సేటు ఆ మాట విన్న ప్రతిసారీ ఒక జర్దా పొట్లం విప్పేవాడు. "మా లింగం కన్ను కాదు, కాంటా" అనేవాడు. ఆ మాట సీజనుకు సగటున పద్నాలుగు సార్లు అనేవాడు. సూర్యం వచ్చాక సున్నా.

సూర్యం అంటే సూర్యనారాయణ. కైకలూరు వైపు మనిషి. సన్నగా, కళ్ళద్దాలతో, ఎవరితో మాట్లాడినా మాట చివర "అండీ" తగిలించుకుని ఉండేవాడు. హేచరీలో పిల్లలు ఎందుకు చస్తున్నాయో కనిపెట్టడానికి సేటు అతన్ని పిలిపించాడు. పొదిగి బయటపడ్డ పిల్లలు మూడు రోజులు బాణాల్లా తిరిగేవి, నాలుగో రోజు పొట్టలు పైకి పెట్టి తేలేవి. అదీ ఏ సంవత్సరం? గనుల టౌన్‌షిప్పు వాళ్ళు తమ చెరువులకు రెండు లక్షల పిల్లలు కావాలని అడిగిన సంవత్సరం. అప్పట్లో బస్తర్‌లో అందరి చూపూ ఆ ఇనుప కొండల వైపే. ఎర్ర దుమ్ము పట్టిన జీపు ఊళ్ళోకి వస్తే మంగలివాడు సగం గడ్డం వదిలేసి బయటికి వచ్చి నిలబడేవాడు.

సూర్యానికి సేటు ఇచ్చిన గది హేచరీలో ఫ్యాను ఉన్న ఒకే ఒక్క గది. అంతకుముందు అది నాది. ఫ్యానుకు మూడు రెక్కలు. మూడూ ఇప్పుడు అతని వైపే తిరిగేవి.

ఆ గదిలో అతను చేసే పని చూస్తే మొదట నాకు నవ్వొచ్చింది. పది చేపపిల్లలను పట్టి, ఉప్పునీళ్ళలో మూడుసార్లు కడిగి, చిట్టి కల్వంలో నూరి, ఆ గుజ్జును నీళ్ళలో పలుచన చేసి, జెల్లీ పోసిన గాజు పళ్ళెం మీద పూసేవాడు. మర్నాటికి పళ్ళెం నిండా ఆవగింజల్లాంటి చుక్కలు మొలిచేవి. ఒక్కొక్క చుక్కా ఒక్కొక్క బ్యాక్టీరియా సంతానమట. దూది బిరడా ఉన్న గొట్టంలో ఏటవాలుగా జెల్లీ పేర్చి, నచ్చిన చుక్కను తీగతో తీసి దాని మీద గీసి, పెరిగాక ఫ్రిజ్‌లో దాచేవాడు. చేపల్ని నూరి లోపలి పురుగుల్ని పెంచుకునే మనిషికి సేటు జీతమిస్తున్నాడే అనుకున్నాను. నవ్వు అక్కడితో ఆగిపోయింది, ఎందుకంటే సేటు ఒకరోజు అడిగాడు.

"సూర్యం, గీ ఒక్క చేపపిల్ల కడుపుల ఎన్ని కీటాణులు ఉంటయి?"

"సుమారు లక్ష దాకా ఉండొచ్చండి. వాటిని పులుసులో పెంచితే ఒక్క చుక్కలోనే కోట్లు."

సేటు నా వైపు తిరిగాడు. "విన్నవా లింగం? నువ్వు ఏడాదంతా లెక్కపెట్టేది ఈన ఒక్క చుక్కల చూపిస్తుండు."

"చూసి లెక్కపెట్టిండ్రా సార్, అందాజనా?" అన్నాను. గొంతులో మర్యాద, కడుపులో మిరపకాయలు.

సూర్యం ఎంతో ఆప్యాయంగా నవ్వాడు. "పలుచన చేసి, పళ్ళెంలో పోసి, మర్నాడు చుక్కలు లెక్కపెట్టి, ఎన్ని రెట్లు పలుచన చేశామో అన్ని రెట్లు గుణిస్తామండి. మీరు ముంతతో చేసేదేనండీ లింగం గారూ."

మీరు చేసేదేనట. నా పద్ధతి నాకే చెబుతున్నాడు. పైగా నా పిల్లలు కంటికి కనిపిస్తాయి, తప్పు చేస్తే దొరికిపోతాను. అతని పిల్లల్ని ఎవరు చూడొచ్చారు? ఆ రోజు నుంచి అతను పళ్ళెం లెక్కపెట్టి పక్కన పెట్టగానే నేను వెళ్ళి మళ్ళీ లెక్కపెట్టేవాణ్ణి. పన్నెండో రోజున దొరికాడు. అతను అరవై ఒకటి రాశాడు, ఉన్నవి అరవై మూడు. రెండు చుక్కలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. పళ్ళెం పట్టుకుని పోయి, సేటు వింటుండగా చెప్పాను. సూర్యం భూతద్దం పెట్టి చూసి, "నిజమేనండి, థాంక్సండి" అని అరవై మూడు దిద్దుకున్నాడు. ఆ థాంక్సుకు నాకు మూడు రోజులు అన్నం సయించలేదు. మనిషన్నవాడు కాస్త ఉక్రోషపడాలి కదా.

ఇంతలో నాలుగో నంబరు తొట్టి సంగతి బయటపడింది. అన్ని తొట్లలోనూ పిల్లలు చస్తుంటే అందులో మాత్రం చాలామటుకు బతుకుతున్నాయి. సూర్యం ఆ తొట్టి పిల్లలను పట్టుకెళ్ళి నూరాడు. పళ్ళెంలో ఎనిమిది రకాల చుక్కలు మొలిచాయి. ఒక్కొక్క రకాన్నీ తీసి మళ్ళీ గీసి, మళ్ళీ తీసి మళ్ళీ గీసి, ఇంకో రకం కలవకుండా ఒంటరిగా చేసి, రకానికి మూడు గొట్టాల చొప్పున ఇరవై నాలుగు గొట్టాల్లో దాచాడు. ఆ తర్వాత ఎనిమిది గాజు సీసాల్లో యాభై చొప్పున పిల్లలను వదిలి, ఒక్కో సీసాలో ఒక్కో రకం బ్యాక్టీరియా కలిపాడు.

వారం తర్వాత లెక్కపెట్టింది నేనే. ఏడు సీసాల్లో దేనిలోనూ పది మించి లేవు. ఏడో నంబరు సీసాలో నలభై నాలుగు బతికి ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాను, తగ్గుతాయేమోనని. మూడుసార్లూ నలభై నాలుగే.

సేటు ఆనందం చూడాలి. "ఇగ చూడు, ఈ ఏడో నంబరును డ్రమ్ములల్ల పెంచి అన్ని తొట్లల్ల పోస్తం. గనులోళ్ళ ఆర్డరు పక్కా. ఆర్డరు దాటినంక ఉసూరుల కొత్త తొట్లు కడ్త. దానికో మేనేజరు కావాలె" అంటూ చూశాడు. నేను సేటు ఎదురుగా నిలబడ్డాను. ఆ చూపు నన్ను దాటి, నాలుగు అడుగుల అవతల సీసాలు కడుగుతున్న సూర్యం మీద పడింది. ఎనిమిదేళ్ళుగా ఆ హేచరీలో ముంతలు ముంచినవాణ్ణి నేను. ఎనిమిది సీసాలతో వచ్చినవాడికి కుర్చీ. ఉసూరు కుర్చీ ఎలా ఉంటుందో అప్పటికే నా మనసులో కొలతలు తీసుకున్నాను: చేతులున్నది, వెనక బెత్తంతో జాలీ అల్లినది.

పిల్లల కొత్త కాన్పుకు ఇంకా మూడు వారాలు ఉందనగా సూర్యానికి ఇంటి నుంచి కబురొచ్చింది. వాళ్ళ నాన్నకు కంటి ఆపరేషను. పది రోజులు సెలవు. వెళ్ళేముందు ఫ్రిజ్ తాళం ఎవరికిచ్చాడనుకున్నారు? మూడడుగుల దూరంలో స్టాకు రిజిస్టరు చంకలో పెట్టుకుని నేను నిలబడి ఉండగా, వంట చేసే బుద్రక్కకు ఇచ్చాడు.

"అక్కా, ఇది మీ దగ్గరుంచండి. ఎవరూ తెరవకుండా చూస్తే చాలండి. గొట్టాలు పాతబడుతున్నాయి గాని, నేనొచ్చాక కొత్త జెల్లీలోకి మార్చుకుంటాను."

"పెరుగు తోడు ఉంచినట్టు ఉంచుత సారూ, ఫికరు చెయ్యకు" అని బుద్రక్క తాళం కొంగున ముడేసుకుంది. ఆమె దోర్ల తెగ మనిషి, ఉసూరు వైపు నుంచి వచ్చింది. సేటు భోజనానికి పెరుగు తోడు పెట్టినా, తన ఇంట్లో బియ్యప్పిండి పులియబెట్టి చేసే లందా కల్లు కుండకు పాత పిండి దాచినా, ఆమె చేతిలో ఏదీ చచ్చిపోయేది కాదని పేరు.

"నాకియ్యొచ్చు కద సార్" అన్నాను, ఆపుకోలేక.

"మీకు బోలెడు పనులండీ లింగం గారూ" అన్నాడు సూర్యం, మొహమాటంగా.

వంటమనిషికి పనులు లేవా? లెక్కల మనిషిని కాదని గరిటె పట్టే చేతికా? ఆ ఉక్రోషంలో నాకో ఆలోచన తట్టింది. నా జీవితంలో తట్టిన ఆలోచనలన్నిటిలోకీ ఖరీదైనది. అతను వచ్చేలోపు గొట్టాలు నేనే మార్చేస్తాను. అతని కంటే పొందికగా, అతని కంటే శుభ్రంగా. అప్పుడు సేటు చూపు నన్ను దాటి ఎక్కడికి పోతుందో చూస్తాను.

శనివారం పొద్దున బుద్రక్క దగ్గరికి వెళ్ళాను.

"అక్కా, తాళం ఇయ్యి. నెలాఖరు. స్టాకు రాయాలె."

"సారు తెరవొద్దన్నడు."

"తెరవకుంట ఎట్ల లెక్కపెడత?"

"నీకు రాని లెక్క ఉన్నదా లింగన్నా? బయట నుంచే పెట్టు."

"అట్ల కాదే అక్కా. రిజిస్టరు కలవకుంటే సేటు నిన్నే అడుగుతడు. తాళం నీ కొంగునే ఉన్నది మరి."

ఆమె చాలాసేపు నా మొహం చూసింది. ముడి విప్పింది. "లెక్కపెట్టుడే. ముట్టుడు లేదు."

"ముట్టను."

పోయినవాటి జాబితాలో ఈ మాటను రాయలేదు. దాన్ని విడిగా ఒక పద్దు కింద వేసుకున్నాను.

ఆదివారం సేటు భోపాల్‌పట్నం వెళ్ళాడు. బుద్రక్క సంతకు పోయింది. ఒంటిగంటకు గదిలోకి వెళ్ళి ఫ్యాను వేసుకున్నాను. మూడు రెక్కలూ నా వైపు తిరిగాయి. కొత్త జెల్లీ గొట్టాలు సూర్యం ముందే తయారుచేసి పెట్టుకున్నవి సరిగ్గా ఇరవై నాలుగు ఉన్నాయి. చేయవలసిన పని నాకు కంఠతా వచ్చు, అంతగా చూశాను. చివర చిన్న చుట్టు ఉన్న తీగను స్పిరిట్ దీపం మంటలో పెట్టాలి. ఎర్రబడాలి. పాత గొట్టంలో ఆనించి కాస్త జిగురు తీయాలి. కొత్త గొట్టంలో గీయాలి. మళ్ళీ తీగను కాల్చాలి.

ఇందులో సూర్యం ఒక దుబారా చేసేవాడు. తీగ ఎర్రబడ్డాక వెంటనే ముంచకుండా, ఏదో ఊరు గుర్తొచ్చినట్టు అలా పట్టుకుని ఆగేవాడు. ఎంతసేపు ఆగుతాడో లెక్కపెట్టాను. ప్రతిసారీ పది సెకన్లు. పది సెకన్లు ఇరవై నాలుగు సార్లు అంటే రెండు వందల నలభై. నాలుగు నిమిషాలు. కోట్లు లెక్కపెట్టేవాడు చేతిలోని నిమిషాలను ఎలా పారబోస్తున్నాడో చూశారా? నేను ఆ నాలుగు నిమిషాలూ మిగల్చాలని నిశ్చయించుకున్నాను.

శుభ్రతలోనూ అతన్ని మించాలి కదా. అతను తీగను ఒకసారి కాలిస్తే నేను మూడుసార్లు కాల్చాను. ఎరుపు చాలిందా లేదా అని వంగి చూశాను. ఎడమ మీసం లెక్క అక్కడ తేలింది. మండుతున్న పెదవితోనే, భగ్గున ఉన్న తీగను మొదటి గొట్టంలో ముంచాను. "సుయ్"మంది. ఇంగువ తాలింపులా. ఆ చప్పుడు నాకు ఎంతో నచ్చింది. సూర్యం చేసినప్పుడు ఎన్నడూ ఆ చప్పుడు రాలేదు. అతనికి పనితనం లేదనడానికి అదే రుజువు అనుకున్నాను. కొత్త గొట్టంలో గీశాను. బిరడా పెట్టి, నంబరు రాశాను. నా అంకెలు ముత్యాల్లా ఉంటాయి. ఇరవై నాలుగు గొట్టాలు, ఇరవై నాలుగు తాలింపులు.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ రిజిస్టరు తీశాను. మొదటి నిల్వ ఇరవై నాలుగు. వచ్చినవి లేవు, పోయినవి లేవు. చేతిలో ఉన్నవి నలభై ఎనిమిది. ఈ ఎక్కువైన ఇరవై నాలుగు ఎక్కడివని సేటు అడిగితే ఏం చెప్పను? నా రిజిస్టరు ఎనిమిదేళ్ళలో ఒక్కసారి తప్పలేదు. కాబట్టి పాత ఇరవై నాలుగింటినీ తీసి, హేచరీలో ఏ వస్తువునైనా ముంచే ఊదారంగు మందునీళ్ళలో ముంచి, ఆ మీదట కుక్కర్‌లో పెట్టి నాలుగు కూతలు రానిచ్చాను. ఐదో కూతకు రబ్బరు పోయింది. జెల్లీ కక్కించి, కడిగి, బోర్లించాను. మూడున్నరకు రిజిస్టరు కలిసింది. ఆ సంతృప్తి ఎలాంటిదో లెక్కలు రాసేవారికి మాత్రమే తెలుస్తుంది.

సోమవారం గనుల టౌన్‌షిప్పు నుంచి సంక్షేమం ఆఫీసరు మంగళవారం వస్తున్నాడని కబురు. తొట్లన్నిటిలోకీ నాలుగోది, పిల్లలు అమ్ముడుపోయాక, పాకుడు పట్టి అసహ్యంగా ఉండేది. దాన్ని ఎండగట్టి, సున్నమూ బ్లీచింగూ వేసి నా చేతులతో తోమాను. అద్దంలా తయారైంది.

మంగళవారం ఆఫీసరు వచ్చాడు. సేటు ముందు నడుస్తుంటే నేను గొట్టాల స్టాండు పట్టుకుని ఎదురెళ్ళాను. మొలవడానికని రెండు రోజులుగా బయట పెట్టిన గొట్టాలు. ఒక్కొక్కటీ వాన వెలిసిన ఆకాశంలా ఉంది.

"సేటూ, సూర్యం సారు లేకున్న గొట్టాలు నేనే మార్చిన."

సేటు ఒకటి తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. "అప్పుడు దీంట్ల పచ్చగ జిగటగ ఏందో ఉంటుండె గద?"

"ఉంటుండె సేటూ. నేను చేసినంక లేదు."

"మరి కీటాణు ఉన్నదా గిందుల?"

"ఎందుకు లేదు? ఉన్నది. బాగ శుభ్రమైన కీటాణు."

ఆఫీసరు కూడా ఒకటి తీసి చూశాడు. "బహుత్ సాఫ్ హై" అన్నాడు, చాలా శుభ్రంగా ఉందని మెచ్చుకుంటూ. సేటు నా భుజం తట్టాడు. "ఉసూరు సంగతి ఆలోచిస్తున్న లింగం" అన్నాడు. గొట్టాలను మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టి, తాళం బుద్రక్కకు ఇచ్చేసి, రెండు రోజులు నేను ఆ కుర్చీలో కూర్చునే నడిచాను.

గురువారం సూర్యం వచ్చాడు. సేటుకొక డబ్బా పూతరేకులు తెచ్చాడు. నాకు వేరే డబ్బా తెచ్చాడు. ఆ డబ్బా నా చేతిలో ఉండగానే ఫ్రిజ్ తెరిచాడు. ఒక గొట్టం తీశాడు. రెండోది తీశాడు. ఏడో నంబరువి మూడూ తీసి కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"ఇవి కొత్త జెల్లీవండీ. ఇంకా గీయనివి. ఇందులోకి ఎలా వచ్చాయి?"

"గీసినవే సార్. నేనే మార్చిన. మీకు శ్రమ ఎందుకని."

"ఎప్పుడండి?"

"ఆదివారం."

"నాలుగు రోజులయిందా? ఏమీ మొలవలేదేంటండీ?" గొట్టాన్ని కళ్ళద్దాలకు ఆనించుకున్నాడు. "తీగ చల్లారనిచ్చారా?"

"చల్లారుడు ఎందుకు సార్? వేడిగ ఉంటేనే శుభ్రం గద."

సూర్యం గొట్టాన్ని మెల్లగా స్టాండులో పెట్టాడు. తర్వాత, పసిబిడ్డను నిద్ర లేపకుండా మాట్లాడే మనిషిలా, "పర్లేదండి. పాత గొట్టాలు ఇలా ఇవ్వండి. వాటిలోంచి మళ్ళీ తీసుకుంటాను" అన్నాడు.

నేను బోర్లించి పెట్టినవి చూపించాను. నా జీవితంలో అంత బాగా తోమిన గాజు లేదు.

"ఎందుకండి కడిగేశారు?" అన్నాడు.

"నలభై ఎనిమిదయితున్నయి సార్. రిజిస్టరు కలుస్తలేదు."

గుమ్మంలో బుద్రక్క నిలబడి ఉంది. చేతిలో పాల గిన్నె. అంతా విన్నది. "లింగన్నా" అంది, "సలసల కాగే పాలల్ల తోడేస్తే పెరుగైతదా?"

"కాదు" అన్నాను.

"పెరుగు కాకముందే తోడు గిన్నె మొత్తం కడిగి బోర్లిస్తరా?"

ఇరవై ఏడేళ్ళ వయసులో ఎన్నడూ పెరుగు తోడు పెట్టని మగవాణ్ణి. ఆ పది సెకన్లు అతను ఎందుకు ఆగేవాడో అప్పుడు అర్థమైంది. ఊరు గుర్తొచ్చి కాదు, తీగ చల్లారాలని. నేను నాలుగు నిమిషాలు మిగుల్చుకున్నాను.

"సరే, నాలుగో తొట్టిలోంచి మళ్ళీ పిల్లల్ని పడదామండి, అదే దొరుకుతుంది" అంటూ సూర్యం బయటికి పరుగెత్తాడు. నేను వెనక పరుగెత్తలేదు. ఆ తొట్టి ఎంత తెల్లగా ఉందో నాకు తెలుసు.

అతను తిరిగొచ్చి ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. గొట్టాలన్నీ వరసగా పేర్చి, ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. చివరకు అన్నాడు.

"ఒక్క మాట చెప్పాలండి. ఇరవై నాలుగుకు ఇరవై నాలుగూ శుభ్రం. బూజు లేదు, గాలి పురుగు లేదు. నేనే ఎంత జాగ్రత్తగా చేసినా నూటికి రెండు మూడు చెడతాయి. ఇంత శుభ్రంగా చేసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు."

నిజం చెబుతున్నాను, సిగ్గుతోనే చెబుతున్నాను. కొంప మునిగిన ఆ క్షణంలో నా లోపల ఏదో సంతోషంగా మెదిలింది. నూటికి రెండు మూడట అతనివి. నావి సున్నా. గెలిచాను.

ఆ గెలుపు కాన్పు వరకే. మూడు లక్షల నలభై వేల పిల్లలు పొదిగాయి. నాలుగో రోజు మొదలై, వారం తిరిగేసరికి బతికినవి యాభై ఎనిమిది వేలు. సేటు కేకలు వేయలేదు. "లింగం, లెక్క చెప్పు" అన్నాడు. మూడు ముంతలు ముంచి బేసిన్‌లో పోశాను. కదలని వాటిని లెక్కపెట్టడం చాలా తేలిక, ఒకే పిల్ల రెండుసార్లు లెక్కలోకి రాదు. అయినా ఆ రోజు ఒకటో ముంత నాలుగుసార్లు తప్పాను.

గనుల జీపు యాభై ఎనిమిది వేలు ఎక్కించుకుని, మిగతా ఆర్డరు రద్దని చెప్పి వెళ్ళింది. "ఇది ఎవల తప్పు?" అని సేటు అడిగాడు. నేను నోరు తెరిచేలోపే సూర్యం అన్నాడు. "నాదేనండి. గొట్టాలు మార్చడం లింగం గారికి నేర్పించి వెళ్ళాల్సింది."

చూశారా మనిషిని. ఫ్యాను తీసుకున్నాడు, సేటు చూపు తీసుకున్నాడు, ఆఖరికి తప్పు ఒక్కటి నాకు మిగిలిందనుకుంటే దాన్ని కూడా లాక్కున్నాడు.

"నాదే సేటూ" అన్నాను. ఎనిమిదేళ్ళలో ఆయనతో అంత గట్టిగా మాట్లాడింది అప్పుడే. "తాళం కూడ అబద్ధమాడి తీసుకున్న." బుద్రక్క ఆ రోజు నా పళ్ళెంలో ఒక్క గరిటె కూరే వేసింది. పదకొండు నెలలు అంతే వేసింది.

మరుసటి ఏడు ఉసూరులో తొట్లు లేచాయి. మేనేజరు కుర్చీ సూర్యానికి ఇస్తానంటే అతను వద్దన్నాడు. "బతికున్నదాన్ని బతికించి ఉంచే చెయ్యి కావాలండి అక్కడ" అని బుద్రక్క పేరు చెప్పాడు. ఆమెకు సంతకం రాదు, నాలుగు భాషలు వచ్చు. లెక్కలు రాయడానికి నెలకు రెండుసార్లు నేను అక్కడికి వెళ్ళేవాణ్ణి. ఆమె కుర్చీలో, నేను పీట మీద. కుర్చీకి చేతులున్నాయి. వెనక జాలీ అల్లారు. కొత్తగా అసూయపడటానికి ఇంకో మనిషి దొరికింది, కానీ ఆ కూర తిన్నవాడు ఎంతకాలమని పడగలడు?

సూర్యం నన్ను గదిలోంచి గెంటలేదు. పక్కన కూర్చోబెట్టుకుని తీగ పట్టడం నేర్పాడు. నేను కాల్చి, పది వరకు పైకి లెక్కపెట్టి ముంచేవాణ్ణి. మూడు సీజన్లు ప్రతి తొట్టిలోని పిల్లలనూ పట్టి, కడిగి, నూరి, పళ్ళేలు పోశాం. పోయిన ఎనిమిది రకాల్లో ఏడు మళ్ళీ దొరికాయి. వెన్న రంగులో గుండ్రంగా మొలిచే ఆ ఏడో నంబరు మాత్రం దొరకలేదు.

"గిన్నెడు దొరకకుంటే మానె. ఎంత దొరికితే పని అయితది సార్?" అని ఒకసారి అడిగాను.

"ఒక్కటి చాలండి. బతికున్నది ఒక్కటి. మర్నాటికి అదే కోట్లవుతుంది" అన్నాడు.

తర్వాత అతను కైకలూరు వెళ్ళిపోయాడు. ప్రతి సీజనుకు ఒక కార్డు రాస్తాడు. అందులో ఒకే వాక్యం: "దొరికిందాండీ?" నేనూ ఒకే మాట రాస్తాను: "లేదండి." అండీ అనడం ఒక్కటి మాత్రం అతని దగ్గర పూర్తిగా నేర్చుకున్నాను.

అందుచేత, మిగిలిన కుడి మీసం మీద, తర్వాత మొలిచిన ఎడమ మీసం మీద చేతులు వేసి, ఇంద్రావతి వైపు తిరిగి ప్రమాణం చేస్తున్నాను. ఎర్రగా కాలిన తీగను గాని, ఎర్రగా కాలిన మనసును గాని పది లెక్కపెట్టకుండా దేనిలోనూ ముంచను. రిజిస్టరు కలవడం కోసం ప్రాణమున్న దేన్నీ కడిగి బోర్లించను. నలభై ఎనిమిది ఉంటే నలభై ఎనిమిదే రాస్తాను.

లక్షలు ముంచి పోసిన చేయి ఇది. ఇన్నేళ్ళ లెక్కల్లో ఎవరికీ ఒక్క పిల్ల తక్కువ పోయలేదు. సూర్యానికి, ఆ హేచరీకి నేను ఇవాళ్టికీ ఇవ్వవలసినది మాత్రం ఒక అంకె ఉంది. కంటికి కనిపించదు, ముంతతో ముంచడానికి రాదు, సగటు తీయడానికి లేదు.

ఒకటి.